దీపావళి ముందు మొగ దాటేవాళ్లకు

సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. అప్పటి నుంచి దసరా దాకా మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి అలవాటైన చెయ్యి, కార్తీకంలోనూ అలాగే దాటెయ్యొచ్చు అనుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఈశాన్యం గాలి, వాయుగుండాలు, ఏటి వరద కలిసి వస్తాయి. పెన్నా సముద్రంలో కలిసే ఊటుకూరు వైపైనా, ప్రకాశంలో గుండ్లకమ్మ మొగైనా, చిన్న ఫైబర్ బోటుకు ఇవి గడ్డు నెలలే.

పోటు మీద నీరు, కెరటం రెండూ లోపలికే వస్తాయి. పాటు మొదలైతే నీరు బయటికి లాగుతుంది, కెరటం లోపలికి తోస్తుంది. రెండూ ఢీకొన్న చోట కెరటం గోడలా లేచి విరుగుతుంది. మన దగ్గర అమావాస్యకు కూడా పోటుపాట్ల తేడా మీటరు అటూఇటూ. ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ నీరంతా సన్నటి మొగలోంచే పోవాలి కదా. పోటు నిండిన మూడు గంటల తర్వాత లాగుడు బాగా ఎక్కువ. పైన పెన్నా మీది సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే మాత్రం ఈ లెక్క నమ్మొద్దు, పోటు వేళ కూడా ఏరు బయటికే పరిగెత్తొచ్చు.

పోటు రోజుకు సుమారు రెండు ఘడియలు, అంటే 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే నేను ముందు తిరిగొచ్చే వేళ చూసుకుని, తర్వాతే వెళ్లే వేళ పెట్టుకుంటాను. వెళ్లేటప్పుడు కెరటం ఎదురుగా కనిపిస్తుంది, వద్దనుకుంటే ఆగొచ్చు. తిరిగొచ్చేటప్పుడు కనిపించేది దాని వీపే. బయట నుంచి చూస్తే మొగ నున్నగా, బుద్ధిగా ఉంటుంది.

నాకు ఇది ఒక దీపావళి ముందు రోజు తెలిసింది. పండగ ఖర్చుల కోసం వెళ్లాం, పాటు మధ్యలో తిరిగొచ్చాం. వెనక కెరటం బోటును ఎత్తగానే ఫ్యాను గాల్లోకి లేచి ఇంజను కీచుమంది, చుక్కానికి పట్టు పోయింది. బోటు అడ్డం తిరిగింది. మా ఐస్ పెట్టె మా కంటే ముందే ఒడ్డుకు చేరింది. ముగ్గురం బతికాం, వల పోయింది.

లోపలికి వచ్చేటప్పుడు విరిగే చోటుకు బయట ఆగి, కనీసం పది నిమిషాలు చూడండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, ఆ గుంపు పోయాక కాస్త సందు దొరుకుతుంది. అప్పుడు ముందున్న కెరటం వీపు మీదే, దాని వేగంతోనే రండి. తొందరపడి దాని తల దాటారా, బోటు ముందుకొస నీళ్లలో గుచ్చుకుంటుంది. మరీ నెమ్మదిస్తే వెనకది పట్టేస్తుంది. సగంలో వెనక్కి తిప్పడం అన్నిటికంటే ప్రమాదం.

2021 నవంబరులో పెన్నాకు వచ్చినలాంటి వరద వస్తే ఇసుక మేటలు చోటు మారతాయి, జీపీఎస్‌లో పెట్టుకున్న పాత దారి పనికిరాదు. పాటు వేళ ఒడ్డున నిలబడి చూడండి. తెల్లటి నురగ ఉన్న చోట మేట ఉంటుంది, నీరు నల్లగా కనబడే చోట సాధారణంగా లోతు. కృష్ణపట్నం పోర్టు వైపు మేటల కంటే ఓడల భయం ఎక్కువ, వాటి దారికి అడ్డం పోకండి.

లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, దిండులా కింద కాదు. వల, చేప అడుగున సర్ది కట్టండి. అవుట్‌బోర్డ్ ఇంజను అయితే లాగితే ఇంజను ఆగిపోయే తాడు బోటు నడిపే సరంగు మణికట్టుకే ఉండాలి. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల హెచ్చరిక గానీ, వాతావరణ శాఖ వేటకు వెళ్లొద్దన్న మాట గానీ వస్తే మాత్రం బోటు దింపకండి. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఇంకో పోటు దాకా బయట లంగరేసుకుని ఉండేటంత ఆయిలు, నీళ్లు, అన్నం ఎప్పుడూ ఎక్కువ వేసుకోండి. సిగ్నల్ దొరికిన చోట ఇంటికి ఫోను చేసి, పోటు ఎక్కాక వస్తాం, మీరు తినెయ్యండి అని చెప్పండి.