కొత్త ఉద్యోగిని చేర్చుకునే ముందు: అమెరికా రాష్ట్రాల ఈ-వెరిఫై చట్టాలను పాటించే పద్ధతి

అమెరికాలో మోటెల్, కిరాణా దుకాణం, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ వంటివి నడుపుతున్న తెలుగువారు, కొత్తగా ఎవరినైనా పనిలోకి తీసుకునే ముందు తమ రాష్ట్రంలో ఈ-వెరిఫై (ఉద్యోగి పని అనుమతిని ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిచూసే ఫెడరల్ వ్యవస్థ) తప్పనిసరో కాదో తేల్చుకోవాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కొత్త ఉద్యోగి గుర్తింపునూ పని అనుమతినీ నమోదు చేసే ఐ-9 ఫారం దేశమంతటా తప్పనిసరి. ఈ-వెరిఫై విషయంలో మాత్రం రాష్ట్రానికో నిబంధన ఉంది. అరిజోనా 2008 జనవరి 1 నుంచి యజమానులందరికీ దానిని విధించగా, 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఫ్లోరిడాలో 2023 జులై 1 నుంచి 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకు, జార్జియాలో పదిమందికి మించి ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. కాలిఫోర్నియా దారి వేరు: ఫెడరల్ నిబంధన కోరితే తప్ప, ఇప్పటికే పనిచేస్తున్నవారినీ ఇంకా ఉద్యోగం ఇవ్వజూపని అభ్యర్థులనూ ఈ-వెరిఫైలో తనిఖీ చేస్తే, ఒక్కో ఉల్లంఘనకు 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అందువల్ల రెండు మూడు రాష్ట్రాల్లో శాఖలున్నవారు ఒకే పద్ధతిని అన్నిచోట్లా అమలు చేయడం క్షేమం కాదు. రాష్ట్రం ఏదైనా, స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివిన విదేశీ విద్యార్థులకు చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే తాత్కాలిక అనుమతి) పొడిగింపుపై ఉన్న విద్యార్థిని చేర్చుకోవాలంటే సంస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండవలసిందే.

ఐ-9లో మొదటి భాగాన్ని ఉద్యోగి పనిలో చేరిన రోజుకల్లా పూర్తిచేయాలి. రెండో భాగాన్ని యజమాని పత్రాలు చూసి, ఉద్యోగి చేరిన రోజు తర్వాత మూడు పనిదినాల్లోగా నింపాలి. ఈ-వెరిఫైలో ఆ ఉద్యోగి వివరాలను తనిఖీకి పంపడానికీ (దీన్నే కేసు వేయడం అంటారు) గడువు అదే. ఏ పత్రాలు చూపాలో ఎంచుకునే హక్కు ఉద్యోగిదే. అనుమతించిన జాబితాలోని పత్రాలు చూపినవారిని గ్రీన్ కార్డే కావాలని పట్టుబట్టడం వివక్ష కింద ఫిర్యాదుకు దారితీస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమయ్యేది, వివరాలు సరిపోలలేదని ఈ-వెరిఫై తాత్కాలికంగా చెప్పినప్పుడు. ఆ సమాధానం చూసి, ఉద్యోగికి పని అనుమతి లేదని నిర్ధారణకు రావడం అన్యాయం, చట్టవిరుద్ధం కూడా. మన పేర్ల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి: ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనక పడటం, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారికి వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అనే అర్థంలో) అని రావడం వల్ల సోషల్ సెక్యూరిటీ రికార్డుతో తేడా రావచ్చు. కేసు వేసేముందు అక్షరాలను ఒకసారి సరిచూసుకుంటే ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. అయినా తేడా వస్తే, ఆ నోటీసును ఉద్యోగికి ఏకాంతంగా చూపించి వివరించాలి. సవాలు చేస్తానని అతను చెబితే కేసును ఈ-వెరిఫైలో సంబంధిత ప్రభుత్వ కార్యాలయానికి రిఫర్ చేయాలి. అప్పటి నుంచి ఆ కార్యాలయాన్ని సంప్రదించడానికి అతనికి 8 ఫెడరల్ పనిదినాలుంటాయి. తుది ఫలితం వచ్చేవరకు ఆ తేడా కారణంగా అతన్ని తొలగించకూడదు, జీతం ఆపకూడదు, పని గంటలు తగ్గించకూడదు.

ఐ-9లను చేరిన తేదీ నుంచి మూడేళ్లు, ఉద్యోగం మానిన తేదీ నుంచి ఏడాది, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అప్పటివరకు భద్రపరచాలి. వర్క్ పర్మిట్ గడువు ముగిసేలోగా ఐ-9లోని సప్లిమెంట్ బిలో కొత్త పత్రాన్ని నమోదు చేయాలి. దానికోసం ఈ-వెరిఫైలో మళ్లీ కేసు వేయకూడదు.