గ్రానైట్ స్టేజీ మీద కాలు జారకుండా

తిరుపతి, చిత్తూరు వైపు కల్యాణ మండపాల్లో ప్రోగ్రాం పెట్టుకుంటే స్టేజీ ఎక్కువగా పాలిష్ గ్రానైటే. కంటెంపరరీ డ్యాన్సుకి ఒట్టికాళ్లతో పరుగెత్తి ఆగాలంటే, సర్రున జారుతుంది. జారకుండా స్టేజీ మీద పరిచే వినైల్ షీటు అద్దెకు తెచ్చే బడ్జెట్ లేనప్పుడు ఇలా చెయ్యండి.

ముందు మామూలు నీళ్లతో రెండుసార్లు తుడవండి. ఫినాయిల్, సబ్బు వద్దు, వాటి పొరే సగం జారుడికి కారణం. తర్వాత 5 లీటర్ల నీళ్లలో 1 లీటరు కోలా కలిపి, మాప్ గట్టిగా పిండి పల్చగా తుడవండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న స్టేజీకి సగం బకెట్ చాలు. ఫ్యాను వేసి అరగంట ఆరనివ్వండి. పట్టు ఇచ్చేది చక్కెరే, కాబట్టి డైట్ కోలా కొంటే డబ్బు దండగ. అరికాలు ఎత్తినప్పుడు చిన్నగా 'చప్' మనాలి, అంతే. అంతకంటే అతుక్కుంటే తడిబట్టతో ఒకసారి తుడిచెయ్యండి.

నేల మీద దొర్లడం, మోకాళ్ల మీద జారడం ఎక్కువున్న ఐటమ్‌కి మాత్రం ఇది పనికిరాదు: చర్మం ఒరుసుకుపోతుంది, గిరగిరా తిరిగేటప్పుడు పాదం ఆగిపోయి మోకాలు మెలిపడుతుంది. నవంబరు వానల్లో సరిగా ఆరదు కూడా. పాలిష్ లేని చెక్క స్టేజీకైతే మరక పడుతుంది, వద్దు.

ప్రోగ్రాం అవగానే గోరువెచ్చని నీళ్లతో కడిగెయ్యండి. లేకపోతే పొద్దునకల్లా చీమలే చీమలు, మండపం వాళ్లతో మాట పడాల్సొస్తుంది.