వానలు రాకముందే పాత కాయిన్ పూల్ టేబుల్ కొనేవారికి జాగ్రత్తలు

పార్లరో రిసార్టో మూసేసినప్పుడు, బిళ్ల వేసి ఆడే పూల్ టేబుళ్లు చవగ్గా అమ్మకానికి వస్తాయి. రోజంతా జనం ఆడినా తట్టుకునేలా చేసినవి కాబట్టి ఇంటికి మంచి సరుకే. కానీ మన గోదావరి డెల్టాలో బల్ల ఆయుష్షు తేల్చేది ఆట కాదు, నీరు. గోదావరికి వరద ఎక్కువగా జులై, ఆగస్టుల్లో వస్తుంది. అది తగ్గిందనుకునేసరికి అక్టోబరు, నవంబరు తుఫాన్లు. అందుకే కొనడం, తేవడం, బిగించడం మే నెలలోపు ముగించుకోండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చి, రసమట్టం, టేపు పట్టుకెళ్లండి. పైన గుడ్డ ఎంత కొత్తగా ఉన్నా ముందు బల్ల కిందకి దూరి పొట్ట చూడండి. పెట్టె అడుగు అంచుని గోటితో గట్టిగా నొక్కండి. గోరు దిగినా, చెక్క పొరలుగా లేచినా అది నీళ్లలో నానిన బల్లే. కాళ్ల బోల్టుల చుట్టూ తుప్పు కారిన మరక, బంతులు దొర్లే ట్రే మూలల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. పెట్టెకి వాడే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ఒకసారి ఉబ్బిందంటే ఎండబెట్టినా మామూలు కాదు. స్క్రూ పట్టు ఉండదు, కాళ్లు ఊగుతాయి, ఎన్నిసార్లు సరిచేసినా మట్టం నిలవదు. చెద మట్టిగీతలు, పుచ్చు పొడి కూడా అక్కడే కనిపిస్తాయి. వీటిలో ఏది ఉన్నా ధర తగ్గిస్తామన్నా తీసుకోవద్దు.

గుడ్డ కింద పరిచిన పలకని కూడా కింద నుంచే చూడండి. స్లేట్ అయితే బూడిద, నలుపు కలిసిన రాయి. గోధుమరంగు పీచు చెక్క కనిపిస్తే ఎమ్‌డీఎఫ్. చెమ్మకి అది వంగుతుంది, మన వైపు పనికిరాదు. 7 అడుగుల కాయిన్ టేబుల్లో స్లేట్ మామూలుగా ఒకే పలక, మందం 19 నుంచి 25 మిల్లీమీటర్లు. రాయి ఒక్కటే 120 నుంచి 160 కిలోలు తూగుతుంది. గుడ్డ మీద అరచేయి నెమ్మదిగా జరపండి. సన్నటి గట్టు తగిలితే రాయి పగిలిందేమో కింద నుంచి అదే చోట టార్చి వేసి చూడండి.

తర్వాత బిళ్ల వేసి ఆడించండి. ఒక్కో పాకెట్లో ఒక్కో రంగు బంతి వేయండి, ఆ తర్వాత తెల్ల బంతిని ఆరు పాకెట్లలోనూ వేయండి. ప్రతిసారీ తెల్ల బంతి దాని గూటికే రావాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. మామూలు బంతి 57 మిల్లీమీటర్లు. కొన్ని బల్లలు కాస్త పెద్ద తెల్ల బంతిని సైజుతో వేరు చేస్తాయి, కొన్ని లోపల లోహం ఉన్న బంతిని అయస్కాంతంతో లాగుతాయి. అసలు బంతి పోగొట్టి మామూలు తెల్ల బంతి పెట్టి అమ్మితే, పడిన ప్రతిసారీ అది రంగు బంతులతో కలిసి లోపల చిక్కుకుంటుంది.

తాళాలు మరిచిపోకండి. మూతకి ఒకటి, డబ్బుల పెట్టెకి ఒకటి ఉంటాయి. తాళంచెవులు లేకపోతే డ్రిల్లుతో తెరవాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. ఇంట్లో బిళ్ల అక్కర్లేదనుకుంటే బిళ్ల వేసే చ్యూట్ విప్పి, బంతులు ఆపే తలుపుని తెరిచి ఉంచేలా కట్టేస్తే చాలు. వెల్డింగు కోసి పారేయకండి. మళ్లీ అమ్మేటప్పుడు అవే భాగాలు కావాలి.

బల్ల అంచు పట్టీలకి ఉండే, బంతి తగిలి వెనక్కొచ్చే కుషన్ రబ్బరుని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి వెంటనే లేవాలి. రాయిలా ఉంటే ఎండిపోయిందన్నమాట. ఎక్కడైనా బంతి తగిలి మొద్దు శబ్దం వస్తే, రబ్బరు కంటే ముందు ఆ పట్టీ బోల్టులు వదులయ్యాయేమో చూడండి.

ఇక తేవడం. రాయితో కలిపి బల్ల 300 కిలోలు దాటుతుంది, కనీసం ఆరుగురు మనుషులు కావాలి. బంతులు తీసేసి, కాళ్లు విప్పి, పొడుగు పక్క కిందకి వచ్చేలా నిలబెట్టి, అడుగున పాత బొంతలు వేసి టాటా ఏస్‌లో తాళ్లతో కట్టండి. పడుకోబెట్టి తెస్తే గట్టు రోడ్ల గతుకులకి పలక పగలొచ్చు. నరసాపురం వైపు నుంచి కోనసీమకి తెస్తుంటే గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు (బండ్లెక్కే పెద్ద పడవ) వద్దు, రేవు వాలులో బండి ఒరుగుతుంది. చుట్టయినా చించినాడ వంతెన మీదుగా రండి.

గది 13 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు లేకపోతే 58 అంగుళాల ఆట కర్ర గోడకి తగులుతుంది. వాన జల్లు పడే వసారా వద్దు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టాన్ని బట్టి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. హెచ్చరిక వినగానే టీవీ, బియ్యం బస్తాలు మేడెక్కించగలం గానీ ఈ బల్లని కాదు. ముంపు ఊరైతే మొదటే మేడ మీద పెట్టండి. కొనకముందే మెట్ల మలుపు కొలుచుకోండి, 7 అడుగుల పైచిలుకు పెట్టె అక్కడే ఇరుక్కుంటుంది.

ముసురు రోజుల్లో ప్లాస్టిక్ షీటు కప్పకండి. లోపల చెమ్మ పట్టి గుడ్డకి బూజు పడుతుంది. నూలు దుప్పటి కప్పి, ఫ్యాను తిప్పి గాలి ఆడనివ్వండి.

కింది గదిలో పెడితే ప్రతి కాలి కింద ఆరంగుళాల చదరపు ప్లైవుడ్ ముక్క వేయండి. మన నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకి కుంగుతుంది. అందుకే బిగించిన రోజు కుదిరిన మట్టం మొదటి వానాకాలం అయ్యేసరికి మారొచ్చు. అప్పుడు నాలుగు మూలలా, మధ్యలోనూ రసమట్టం పెట్టి చూసి, దిగిన మూల కాలి అడుగున ఉండే మట్టం బోల్టు ఒక్కటే తిప్పండి. మిగతా మూడింటి జోలికి వెళ్లొద్దు.