గోడ దాటే మునగకు చిన్న ఉపాయం

మా ప్రహరీ పక్కన మునగచెట్టు ఉంది. కొమ్మలు పక్కింటి వాకిట్లోకి వాలి, ఆకు రాలి, వానాకాలంలో గొంగళిపురుగులు పాకి, ఏటా మాటామాటా పెరిగేది. పక్కింటి పిన్నిగారి బాధలో న్యాయం ఉంది, ఆ పురుగుల నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లే.

ఇప్పుడు కాపు అయిపోగానే నేల నుంచి 3 అడుగుల ఎత్తులో మానును రంపంతో ఏటవాలుగా కోసి, కోతకు పేడ ముద్ద అద్దుతున్నాం. చిగుళ్లు వచ్చాక మన వైపువి నాలుగైదు ఉంచి, గోడ వైపువి లేతగా ఉండగానే తుంచేయాలి. నాలుగైదు నెలలకు మళ్లీ కాపు, అదీ చేతికందే ఎత్తులో. కోసిన రోజు లేత ఆకు పిన్నిగారికీ పంపుతాం.

ముసురు రోజుల్లో మాత్రం కోయకండి. మునగ మాను మెత్తన, నీరు దిగితే మోడు కుళ్లిపోతుంది.