క్లబ్ ఆటగాళ్ల టోర్నీ గేమ్: చెయ్యి, గడియారం, స్కోర్‌షీట్

క్లబ్ స్థాయి చదరంగంలో చేతికొచ్చిన అరపాయింటు (డ్రాకి దక్కేది) జారిపోవడానికి ఓపెనింగ్, అంటే ఆట మొదటి ఎత్తులు, రాకపోవడమే కారణం కానక్కర్లేదు. బల్ల దగ్గరి పద్ధతి తెలియకా పోతుంది. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిసే గేమ్‌కి వర్తించే పద్ధతులు ఇవి.

ముట్టుకున్న పావును కదపాల్సిందే. గడిలో పక్కకు ఒరిగిన పావును సర్దాలంటే మీ వంతులోనే, చెయ్యి వేయకముందే "అడ్జస్ట్" అనాలి. వేశాక అంటే చెల్లదు. కాస్లింగ్‌లో (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) ముందు రాజు, తర్వాత అదే చేత్తో ఏనుగు (రూక్). ఏనుగును ముందు పట్టుకుంటే ఆ వైపు కాస్లింగ్ కుదరదు. రెండు చేతులతో కానిచ్చి గడియారం నొక్కితే చెల్లని ఎత్తు కిందే లెక్క: అవతలివాళ్లకు 2 నిమిషాలు కలుస్తాయి, రెండోసారి అయితే గేమే పోతుంది. బంటు చివరి గడికి చేరేసరికి దాని బదులు పెట్టాల్సిన క్వీన్ దగ్గర్లో లేకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ని (టోర్నీ న్యాయనిర్ణేతను) అడగండి. ఇంట్లోలా క్వీన్‌కు బదులు ఏనుగును తలకిందులుగా పెట్టి ఆట సాగిస్తే, మీరు దాన్ని ఏమని పిలిచినా అది ఏనుగే.

డ్రా అడిగే వరుస: ఎత్తు వేయాలి, అడగాలి, గడియారం నొక్కాలి.

అసలు చిక్కంతా మూడుసార్ల డ్రా దగ్గరే, అంటే ఒకే పొజిషన్ (బల్ల మీద పావుల అమరిక) మూడుసార్లు వస్తే కోరే డ్రా. తిరిగి రావాల్సింది ఎత్తు కాదు, పొజిషన్. వంతు ఎవరిదో, కాస్లింగ్ హక్కులు, ఎన్ పాసాన్ (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు వెంటనే కొట్టడం) అవకాశంతో సహా అన్నీ అవే ఉండాలి. వరసగా రావాలనేమీ లేదు. ఉదాహరణకు, నల్ల రాజు జీ7లో ఉండగా తెల్ల ఏనుగు 41వ ఎత్తులో డీ7కి వచ్చి చెక్ ఇచ్చింది. రాజు జీ8, ఏనుగు డీ8 చెక్, రాజు మళ్లీ జీ7. 43లో ఏనుగు మళ్లీ డీ7. ఇదే సాగితే 45లో అదే పొజిషన్ మూడోసారి వస్తుంది. అప్పుడు డ్రా కోరాలంటే తెల్లవాళ్లు డీ7 ఎత్తును స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితం) రాయాలి, బల్ల మీద వేయకూడదు. గడియారం ఆపి ఆర్బిటర్‌ని పిలవాలి. చాలామంది అలవాటుకొద్దీ ఏనుగును జరిపి, గడియారం కూడా నొక్కేసి, ఆ తర్వాత చెయ్యెత్తుతారు. అప్పటికి వంతు అవతలివాళ్లది, డ్రా కోరే హక్కూ వాళ్లదే. ఏనుగును ముట్టుకున్నా ఆ ఎత్తుకు మీ హక్కు పోయినట్టే.

ఆర్బిటర్ చూసేది స్కోర్‌షీటే. మధ్యలో రెండు ఎత్తులు రాయకుండా వదిలేస్తే లెక్క తేలడం కష్టం. ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఈ టైమ్ కంట్రోల్‌లో 5 నిమిషాల కంటే తక్కువ మిగిలినా రాయాల్సిందే. మీరు చెప్పిన మూడుసార్ల లెక్క తప్పు అని తేలితే అవతలివాళ్లకు 2 నిమిషాలు ఇచ్చి ఆట కొనసాగిస్తారు, రాసిన డీ7 మాత్రం మీరు వేసి తీరాలి.