దీవి ఊరి మాట తీర్మానంగా మారాలంటే

పులికాట్ సరస్సు నడుమ ఉన్న ఇరకం దీవికి తడ వైపు నుంచి వెళ్లాలంటే భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కాల్సిందే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు తడ మండలం నెల్లూరు జిల్లా నుంచి ఇటు వచ్చింది కానీ, ఏ ఆఫీసులో పనిబడినా ముందు నీళ్లు దాటాల్సిన అవస్థ అలాగే ఉంది. వేటమీద బతికే మనిషి ఒక అర్జీ పట్టుకుని మండలాఫీసుకు వెళ్లి వచ్చాడంటే ఆ రోజు రాబడి పోయినట్లే. కనుక ఎవరి అర్జీ వాళ్లు మోసుకుని తిరగడం కన్నా, ఊరంతటి తరఫున గ్రామసభలో తీర్మానం చేయించి, నంబరూ తేదీ ఉన్న ఆ ఒక్క కాగితాన్ని పైకి పంపడం దీవి ఊళ్లకు ఎంతో మేలు. ఆ పని ఎలా చేయాలో తెలియక మంచి కోరికలు కూడా మాటల దగ్గరే ఆగిపోతున్నాయన్న బాధతో ఈ వివరాలు రాస్తున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది, మనం అడిగే పని ఎవరి చేతిలో ఉందన్నది. తాగునీరు, వీధి దీపాలు, మురుగు కాలువలు, వీధుల శుభ్రత, శ్మశానం వంటివి 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ చూసుకోవాల్సిన పనులు. వీటిపై సభలో నేరుగా నిర్ణయం అడగవచ్చు. సరస్సు సంగతి వేరు. పులికాట్ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పక్షుల అభయారణ్యం కాబట్టి, అందులో వంతెన కట్టాలన్నా, పడవల దారికి పూడిక తీయాలన్నా, రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం తెరిపించాలన్నా అటవీ శాఖ, వన్యప్రాణి మండలి అనుమతుల దాకా వెళ్లాలి. పంచాయతీకి ఆ అధికారం లేదు. అలాగని ఆ మాట సభలో ఎత్తకూడదని కాదు; 'పంచాయతీ చేయాలి' అని కాక 'ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానిస్తున్నాము' అని రాయించాలి. ఈ తేడా పాటించకపోతే 'ఇది మా పరిధిలోది కాదు' అన్న ఒక్క వాక్యంతో ఆ కాగితం వెనక్కి వస్తుంది. రేవు మీద హక్కు ఎవరిదన్నది కూడా ముందే మండల పరిషత్తులో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. మన తీరంలోని కుప్పాల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, పెద్దలు కూర్చుని కట్టుబాటు చేసే ఆచారం పాతది. దాన్నే చాలాచోట్ల దురాయి అంటారు. ఏ వల ఎప్పుడు వేయాలి, ఎవరి వంతు ఎక్కడ అన్న విషయాల్లో ఈ కట్టుబాటు గొడవలు రాకుండా కాపాడిన సందర్భాలు ఉన్నాయి, ఆ మేరకు దానికి గౌరవం ఇవ్వాల్సిందే. అయితే దురాయి గ్రామసభ తీర్మానం కాదు. దాని పేరుతో ఒక కుటుంబాన్ని వెలివేయడం, జరిమానా కట్టలేదని వేట ఆపించడం చట్టం ముందు నిలవవు. పెద్దలు ముందుగా కూర్చుని ఊరిని ఒక మాట మీదికి తేవడం వరకు మంచిదే కానీ, ఆ మాటను ఆడవాళ్లు, వేరే కులాల వాళ్లు, ఓటు ఉన్న ప్రతి ఒక్కరూ కూర్చునే సభలో పెట్టి అడిగితేనే అది ఊరి నిర్ణయం అవుతుంది. చట్టం దృష్టిలో గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లంతా. రాజ్యాంగానికి 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు దొరికింది.

తేదీ విషయంలో దీవి ఊళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. సభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని చట్టం చెబుతుంది. గత ఏడాది లెక్కలు, ఆడిట్ నివేదిక, రాబోయే పనుల జాబితా, పన్నుల పెంపు ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక ఆ సభ ముందుకు రావాలి. వచ్చే ఏడాది చేపట్టే పనులతో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను అక్టోబరు 2 తర్వాతి నెలల్లో తయారుచేయడం కొన్నేళ్లుగా ఆనవాయితీ. మన దగ్గర సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై, కాళంగి నది పొంగి, సరస్సులో నీటిమట్టం పెరుగుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే అధికారులు పడవ ఎక్కరు, ఎక్కమనడం న్యాయమూ కాదు. అందుకే సెప్టెంబరులోనే పంచాయతీ కార్యదర్శిని కలిసి, అక్టోబరు మొదటి వారంలోనే సభ పెట్టమని రాతపూర్వకంగా కోరాలి. వేళ కూడా అందులోనే రాయాలి. వేటకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చి వలలు సర్దుకున్న తర్వాత, అధికారులు చీకటి పడకముందే రేవు చేరుకునేలా వేళ కుదరకపోతే సభలో కుర్చీలే మిగులుతాయి. నోటీసు పంచాయతీ ఆఫీసు గోడమీద అంటిస్తే సరిపోదు. రేవులోనూ అంటించి, ముందురోజు సాయంత్రం చాటింపు వేయించాలి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో చెప్పించగలిగితే ఇంటింటికీ చేరుతుంది.

ఇక అర్జీ. అసలు పని ఇక్కడే ఉంది. 'మా వీధికి నీళ్లు సరిగా రావడం లేదు, తగు చర్యలు తీసుకోగలరు' అని రాస్తే దానిపై తీసుకునే చర్య కూడా అంతే అస్పష్టంగా ఉంటుంది. దాన్ని ఇలా రాసి చూడండి: 'రెండో వార్డులో రామాలయం ఎదుటి కుళాయికి ఉప్పునీరు వస్తున్నది. ఈ కుళాయి మీద ఆధారపడిన ఇళ్ల జాబితా జతపరచడమైనది. వేసవిలో ఈ ఇళ్లవారు ట్యాంకు దగ్గరికి నడిచి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చుకుంటున్నారు. మంచినీటి ట్యాంకు నుంచి ఈ వీధికి పైపులైను వేసే పనిని వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చవలసినదిగా సభను కోరుచున్నాము.' ఇందులో చోటు ఉంది, బాధపడుతున్నది ఎవరో ఉంది, కావలసిన పని ఉంది, ఏ ప్రణాళికలో చేర్చాలో కూడా ఉంది. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది కాబట్టి దానికీ జవాబు సిద్ధం చేసుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకునే వీలిచ్చింది. మన పంచాయతీకి ఏ ఏడాది ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో ఈ-గ్రామ్ స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ పేజీని ముద్రించి చేతిలో పట్టుకుని మాట్లాడే మనిషికి 'నిధులు లేవు' అని ఊరికే చెప్పి పంపడం కష్టం.

సభ రోజున మాట్లాడేవాళ్లు పదిమంది ఉన్నా పర్లేదు కానీ, సభలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం మీద కన్నేసి ఉంచేవాళ్లు ఒకరైనా ఉండాలి. ఆ పుస్తకంలో పై వరుసన సభ తేదీ, చోటు, అధ్యక్షత వహించినవారి పేరు, కింద హాజరైనవారి సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. ఆ తర్వాత వరుసగా విషయం, దానిపై తీర్మానం వస్తాయి. ప్రతి తీర్మానానికీ నంబరు ఉండాలి; ప్రతిపాదించినవారు, బలపరచినవారు ఎవరో రాయాలి. 'చర్చించడమైనది' అన్న మాటతో ఆగితే అది తీర్మానం కాదు. 'ఆమోదించడమైనది' అనో, 'తిరస్కరించడమైనది' అనో ఉండాలి. సభ ముగిసేలోపు తీర్మానాలను పైకి చదివి వినిపించమని అడగండి. సంతకాలు ముందే తీసుకుని, రాత తర్వాత నింపుకుంటామంటే మర్యాదగానే కాదనండి. కార్యదర్శి మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. పడవకు వేళైందన్న తొందరలో చాలా సభల పుస్తకాలు సగం ఖాళీగా మూతపడతాయి, మర్నాడు నింపేటప్పుడు ఎవరి మాట గుర్తుంటే అదే మిగులుతుంది. ఖాళీ మిగిలిన చోట అడ్డగీత కొట్టించడం, ఆ పేజీలను అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి.

ఊరు తానే ఒక నిబంధన పెట్టుకోవాలనుకుంటే, ఉదాహరణకు రేవులో చెత్త పారబోయకూడదని, దానికి ఉపనిబంధనలు చేసుకునే వీలు పంచాయతీకి ఉంది. కానీ అది గ్రామసభలో చప్పట్లతో పుట్టేది కాదు. ముసాయిదా రాసి, ఊళ్లో ప్రకటించి, అభ్యంతరాలు విని, పంచాయతీ పాలకవర్గం ఆమోదించి, పై అధికారుల ఆమోదం కూడా వచ్చాకే అమలు చేయాలి. అంతవరకు ఎవరి దగ్గరా జరిమానా వసూలు చేయకూడదు.

తీర్మానం అయ్యాక దాని నకలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ నకలును మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి ఇచ్చి, మన దగ్గర ఉంచుకునే ప్రతిమీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం తిరుపతి కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అదే తీర్మానం నంబరుతో వెళ్లవచ్చు. పదిమంది కలిసి వెళ్లనక్కర్లేదు, నంబరు ఉన్న కాగితంతో ఒకరు వెళ్లినా చాలు. తర్వాతి సభకు నోటీసు రాకముందే 'గత సభ తీర్మానాలపై తీసుకున్న చర్యలు' అన్న అంశాన్ని ఎజెండాలో మొదటిదిగా చేర్చమని కార్యదర్శికి ఒక లేఖ ఇచ్చి, దానికీ రసీదు తీసుకోండి.