అల్లాయ్ కొనే ముందు బావను వెనక సీట్లో కూర్చోబెట్టి కొలవండి

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నాం. మొదటి పెద్ద మలుపులోనే వెనక నుంచి 'బర్ర్ర్' మంది. ముందు సీట్లోంచి నాన్న "ఏరా, బ్రేకు పట్టేస్తోందా?" అన్నారు. బ్రేకు కాదని నాకు తెలుసు. పది రోజుల ముందే విజయవాడ ఆటోనగర్‌లో కొత్త అల్లాయ్ చక్రాలు వేయించాను. ఒక్కడినే బందరు రోడ్డు మీద తిరిగినన్ని రోజులూ చిన్న చప్పుడు కూడా లేదు. ఆ రోజు వెనక అమ్మ, అక్క, బావ. డిక్కీ నిండా సామాను. బావ ఒక్కడే తొంభై కిలోల పైమాట. పక్కకు ఆపి చూస్తే వెనక ఎడమ టైరు భుజం మీద చాకుతో గీసినట్టు చుట్టూ గీత, మాడిన రబ్బరు వాసన. మిగతా ఘాటంతా మలుపు మలుపుకీ ఇరవైలో నడిపాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, షాపులో నేను అడిగింది ఒక్కటే: "నా కారుకి పడుతుందా?" నాలుగు బోల్టులు, పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం) 100 మి.మీ. పట్టింది. బోల్టులు పట్టడం వేరు, టైరు ఫెండర్ (చక్రం మీద కప్పినట్టుండే బాడీ భాగం) లోపల ఇమడడం వేరు. వాళ్ళు వేసింది 16 అంగుళాల రిమ్ము, 7 జె (అంటే 7 అంగుళాల) వెడల్పు, ఆఫ్‌సెట్ 35 (అదేంటో కింద చెబుతాను), దాని మీద 205/55 టైరు, అంటే వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం. "అందరూ ఇదే వేయించుకుంటున్నారు సార్" అన్నారు. అందరి బావలూ సన్నగా ఉంటారేమో.

నా కారు మోడల్ పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే కింది అంకెలు ఎత్తిరాసుకుని కొనేస్తారు. ఒకే మోడల్లో వేరియంటును బట్టి, ఏడాదిని బట్టి చక్రాలు మారుతుంటాయి. మీ చక్రం విప్పి వెనక వైపు చూడండి, వెడల్పూ ఆఫ్‌సెట్టూ చాలావాటి మీద పోతపోసి ఉంటాయి. నాది 15 అంగుళాలు, 5.5 జె, ఈటీ 45. టైరు 185/65.

ఆ 'ఈటీ'యే ఆఫ్‌సెట్. ఒక జర్మన్ మాటకు పొట్టిపేరు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. హబ్‌కి, అంటే చక్రాన్ని బోల్టులతో బిగించే కారు భాగానికి, అతుక్కునే ముఖం ఆ గీతకు బయటి వైపు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే ఆ అంకె. అంకె పెరిగితే చక్రం కారు లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. నేను చాలాకాలం దీన్ని తిరగేసి అర్థం చేసుకున్నాను. అందుకే 35 అనగానే "తక్కువే కదా, మంచిదే" అనుకున్నాను.

ఇక లెక్క. చాలామంది రిమ్ము వెడల్పుతోనే లెక్క ఆపేస్తారు. కానీ ఫెండర్‌కి రాసేది రిమ్ము కాదు, టైరు పొట్ట. అందుకని నేను టైరు వెడల్పుతో వేస్తాను. వెడల్పులో సగం తీసుకుని, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే టైరు హబ్ నుంచి ఎంత బయటికి వచ్చిందో తెలుస్తుంది. అదే సగానికి ఆఫ్‌సెట్ కలిపితే ఎంత లోపలికి వెళ్ళిందో తెలుస్తుంది. ఒక్క మెలిక ఉంది: టైరు మీద రాసిన వెడల్పు ఒక ప్రామాణిక రిమ్ము మీద కొలిచింది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు కూడా సుమారు 5 మి.మీ. సాగుతుంది.

నా పాత చక్రానికి: 185లో సగం 92.5. బయటికి 47.5, లోపలికి 137.5. ఆటోనగర్ చక్రానికి: 205 టైరు 7 జె మీద సుమారు 210 అవుతుంది, సగం 105. బయటికి 70, లోపలికి 140. అంటే లోపల పెరిగింది 2.5 మి.మీ. మాత్రమే, బయట 22.5. పైగా ఎత్తు కూడా చూడాలి. 185/65 ఆర్15 మొత్తం వ్యాసం 621.5 మి.మీ., 205/55 ఆర్16 ది దాదాపు 632. అంటే ఫెండర్ వైపు ఇంకో 5 మి.మీ. పైకి. రెండూ కలిసే బావను పట్టుకున్నాయి.

ఇంత లెక్క వేసినా, మీ కారులో ఖాళీ ఎంతుందో కొలవకపోతే అంతా కాగితం మీదే. కొలిచేటప్పుడు కారు ఖాళీగా ఉండకూడదు. నేను బావను బతిమాలి వెనక కూర్చోబెట్టాను, పక్కన 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, డిక్కీలో ఇంకో రెండు. పాత చక్రాలు తిరిగి బిగించి, సమంగా ఉన్న నేల మీద కారు నిలిపి, ఫెండర్ అంచు లోపలి మడతకు టేపుతో దారం అంటించి, కొసన ఓ నట్టు కట్టి వేలాడదీశాను. దారానికీ రిమ్ము పైన కనిపించే టైరు పొట్టకీ మధ్య అడ్డంగా కొలిస్తే వెనక 19 మి.మీ. వచ్చింది. 22.5 బయటికి వచ్చే చక్రం అక్కడ ఎలా ఇముడుతుంది? ముందు చక్రాలకు ఖాళీ కాస్త ఎక్కువే ఉంది, కానీ అవి తిరుగుతాయి. స్టీరింగ్ పూర్తిగా కుడికీ ఎడమకీ తిప్పి బంపర్ మూల, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్, చక్రం వెనక ఉండే సస్పెన్షన్ స్ట్రట్ చూడాలి.

స్ట్రట్ దగ్గర స్కేలు దూరదు. దానికి అమ్మ చపాతీ పిండి పనికొచ్చింది. గట్టిగా కలిపిన పిండి ముద్దను టైరుకి బాగా దగ్గరగా వచ్చే చోట స్ట్రట్‌కి అంటించి, చక్రం బిగించి, మళ్ళీ విప్పి నలిగిన మందం కొలవండి. నాది 11 మి.మీ. లోపల 5 మి.మీ. కంటే తక్కువ మిగిలితే నేను ఒప్పుకోను, ఎవరేమన్నా సరే.

ఇప్పుడు ఎంచుకోవడం తేలిక. 195/55 ఆర్16 వ్యాసం 620.9, అసలుదానితో దాదాపు సమానం. దాన్ని 6.5 జె మీద వేస్తే సుమారు 200, సగం 100. ఈటీ 45 అయితే లోపలికీ బయటికీ 7.5 చొప్పున పెరుగుతుంది. స్ట్రట్ దగ్గర 3.5 మాత్రమే మిగులుతుంది కాబట్టి వద్దనుకున్నాను. ఈటీ 40 అయితే లోపలికి 2.5, బయటికి 12.5. లోపల 8.5, వెనక ఫెండర్ దగ్గర 6.5 మిగిలాయి. అదే తీసుకున్నాను. టైరు మీద లోడ్ అంకె కూడా చూడండి. పాతదానిపై 88, అంటే 560 కిలోలు. ఈ సైజులో 87 ఎక్కువగా కనిపిస్తుంది, అది 545. మా ఇంటి బరువులు తెలుసు కనుక 91 ఉన్న ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) టైరు వెతికించాను. హబ్ వ్యాసం 54.1 మి.మీ. ఉన్న కారుకి అంతకంటే పెద్ద నడిమి రంధ్రం ఉన్న రిమ్ము వస్తే మధ్యలో రింగు వేయించుకోండి. అది రాపిడికి సంబంధించింది కాదు, స్టీరింగ్ వణక్కుండా ఉండటానికి.

ఇప్పటికే కొనేసి రాపిడి మొదలైన వాళ్ళకు షాపులో మూడు మందులు చెబుతారు. స్పేసర్ వేద్దామంటారు. 5 మి.మీ. స్పేసర్ అంటే ఆఫ్‌సెట్ 5 తగ్గినట్టే. లోపల తగిలేవాటికి పనిచేస్తుంది, బయట తగిలేవాటికి ఇంకా చేటు. ఫెండర్ అంచు సుత్తితో మడుద్దామంటారు. పెయింటు పగిలి రెండు వానాకాలాలకు తుప్పు పట్టేస్తుంది. స్ప్రింగుల్లో రబ్బరు ముక్కలు పెడదామంటారు. వెనక భాగం లేచి చప్పుడు తగ్గుతుంది, దాంతోపాటు నడుము కూడా పోతుంది. నేను ఆ 7 జె రిమ్ములు అమ్మేశాను. టైరు గీత చూపించి మరీ అమ్మాను కాబట్టి వచ్చింది సగం డబ్బే.

కొత్తవి బిగించాక డబ్బులిచ్చే ముందే పరీక్ష చేయండి. టైరు భుజాల మీద చుట్టూ సుద్ద పూసి, మనుషుల్ని ఎక్కించుకుని, స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా ఒక చక్రం ముందు, ఒక చక్రం వెనక ఎక్కేలా దాటండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ కూడా చేయండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే తగిలింది. నాకు వెనక ఎక్కడా చెరగలేదు. ముందు కుడి లైనర్‌కి మాత్రం రివర్స్‌లో పూర్తిగా తిప్పినప్పుడు సన్నగా తగిలింది. లైనర్ క్లిప్పు ఊడి ఉంది, కొత్తది వేస్తే పోయింది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ టార్క్ రెంచితో బిగించుకోండి. డిక్కీలో బియ్యం బస్తాలు కూడా దించుకోండి. నేను మరిచిపోయి నాలుగు రోజులు తిరిగాను. మైలేజీ ఎందుకు పడిపోయిందా అని షాపువాళ్ళని ఫోన్లో నిలదీశాను కూడా.